కొంగలు లేస్తేనే విమానం దిగేది

ఇంద్రాణి తమ్ముడు లక్ష్మణ, ఎక్కడో ఒక దీవిలో విమానాశ్రయం ఉద్యోగమేమీ చేయడం లేదనీ, అక్కడ కక్కూసులు కడుగుతున్నాడనీ, ఆ సిగ్గుతోనే మేనకోడలి చెవులు కుట్టడానికి రావడం లేదనీ పక్కింటి మారమ్మ పాల సొసైటీ దగ్గర చెప్పిందట. విన్నవాళ్లు తలా కొంచెం కలిపి ఏరియూరు ఊరంతా పంచారు. సాయంత్రానికి లక్ష్మణ జైల్లో కూడా పడ్డాడు.

ఇంద్రాణికి ఒళ్లు మండింది. కూతురు మేనకను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలని రెండుసార్లు ముహూర్తం పెట్టుకుంటే రెండుసార్లూ వాడికి సెలవు దొరకలేదు. తన తమ్ముడు చెయ్యి ఊపితేనే అక్కడ విమానం దిగుతుందని ఆమె ఊరంతా చెప్పుకుని ఉంది. అత్త అంజనమ్మ మాత్రం ఇక ఆగనంది. ఎవరో ఒక దూరపు చుట్టం ఒడిలో కుట్టించేద్దామంది. అంటే ఇంద్రాణికి పుట్టింటి దిక్కు లేదని ఊరి ముందు ఒప్పుకున్నట్టే. ఇంద్రాణి అన్నం మానేసింది.

ఆమె భర్త ముఖేశ్ ధర్మపురిలో బోరు మోటార్లు అమ్ముతాడు. ఎక్కువ అమ్మిన డీలర్లను కంపెనీ ఆ ఏడాది ఒక దీవి రిసార్టుకు పంపింది. దారి లక్ష్మణ పనిచేసే విమానాశ్రయం మీదుగానే. పెళ్లాంతో ఒంటరిగా సముద్రం చూడాలని ఆశపడ్డ ముఖేశ్ కూతురినీ తల్లినీ కూడా వెంటేసుకుని బయల్దేరాల్సి వచ్చింది. సీరుగా, అంటే పుట్టింటి కానుకగా, మేనమామ తేవలసిన పట్టుపావడా, వెండిపళ్లెం ఇంద్రాణే కొని పెట్టెలో సర్దుకుంది. కంసాలి ఇచ్చిన సూదిని బెంగుళూరు విమానాశ్రయంలో లాక్కున్నారు. బంగారు పోగులు మాత్రం మిగిలాయి.

రిసార్టులో అంజనమ్మ అందరికీ ఒకే మాట చెప్పింది, ఇన్ని నీళ్లు పెట్టుకుని వీళ్లు ఒక్క మడి కూడా తడపలేదని.

వెళ్లేటప్పుడు లక్ష్మణ డ్యూటీలో లేడు కాబట్టి చెవులు కుట్టడం తిరుగు ప్రయాణానికి పెట్టుకున్నారు. ఆ రోజు పడవ వాళ్లను పెందలాడే విమానాశ్రయం దగ్గర దింపింది. అది తమ వైపు మొరప్పూర్ రైలు స్టేషన్ కంటే చిన్నది. తాటాకు కప్పు, చెడ్డీల తెల్లవాళ్లు, కొబ్బరిబోండాలు. లక్ష్మణ పరుగున వచ్చాడు. ఒంటి మీద మెరిసే పచ్చ కోటు, నడుముకు ఒక రేకు డబ్బా, కర్ర.

"ఈ డబ్బా ఏందిరా?" అంది ఇంద్రాణి.

"కొంగల్ని తోలేదానికి అక్కా. రన్‌వే మీద కొంగలుంటే విమానం దిగలేదు. అదే నా పని."

ఇంద్రాణి మొహం వాడిపోయింది. ఈ సంగతి మారమ్మ నోట్లో పడితే జైలే నయమనిపిస్తుంది. అంజనమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. తమ జొన్నచేలో చిలకలు తోలమంటే పారిపోయినవాడు, సముద్రం దాటి వచ్చి కొంగలు తోలుతున్నాడని. నవ్వాక, సరే కూర్చో అంది.

సామాన్ల ట్రాలీ మీద పసుపు వినాయకుడు వెలిశాడు. ప్రథమ చికిత్స గది నుంచి మలయాళీ నర్సు కొత్త సూదితో వచ్చింది. మేనమామ ఒడిలో ఒక చెవి అయింది. మేనక ఆకాశం బద్దలయ్యేలా ఏడ్చింది. తెల్లవాళ్లు ఫోన్లు తీశారు. సరిగ్గా అప్పుడే లక్ష్మణ భుజానికున్న వైర్‌లెస్ గరగరలాడింది. విమానం వస్తోంది, రన్‌వే చివర కొంగలున్నాయి. వాడు సగం లేచాడు.

అంజనమ్మ వాడి భుజం పట్టి కిందికి నొక్కింది. "ఇప్పుడు లేస్తివంటే నువ్వు సగం మేనమామవే."

"పోకుంటే ఉద్యోగం పోతాది అత్తా."

ఆమె కొంగు బిగించింది. వాడి నడుము నుంచి డబ్బా, కర్ర లాక్కుని కంచె దగ్గరికి నడిచింది. మంచె మీద నిలబడి కేకేస్తే పక్క చేను వాళ్ల చిలకలు కూడా లేచిపోయే గొంతు అది. ఒక్క కేక, డబ్బా మీద నాలుగు దెబ్బలు. కొంగలు లేచాయి. బల్ల మీద నిద్రపోతున్న ఒక తెల్లాయన కూడా లేచాడు. విమానం దిగింది. మేనక రెండో చెవీ అయింది.

సూపర్‌వైజరు ఉరికి వచ్చి ఈమెవరని అడిగాడు. తనకు పని నేర్పిన మనిషని లక్ష్మణ ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన అంజనమ్మకు దండం పెట్టి వెళ్లాడు.

ఊరికి వచ్చిన మర్నాడే మారమ్మ పోగులు చూసే వంకతో మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. అంజనమ్మ భర్త తిమ్మరాయన్ అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు నములుతున్నాడు. ముఖేశ్ పక్కనే ఫోన్ చూసుకుంటున్నాడు. మారమ్మ పోగులను మెచ్చుకుని, పిల్ల బుగ్గ గిల్లి, అవునుగానీ మీ లక్ష్మణ అక్కడ చేసేదేంది అని మెల్లగా కదిపింది.

చాటలో జొన్నలు చెరుగుతున్న అంజనమ్మ తలెత్తలేదు.

"నేను ఇన్నేండ్లుగా మా చేలో చేసే పనే చేస్తా ఉండాడు. వానికి జీతమిస్తారు, నాకు ఈ ఇంట్లో ఒక్కడూ ఇయ్యలేదు."