కొక్కిలిగడ్డ నాంచారయ్య హాజరు

ఒకరి పేరు పిలిచినప్పుడు నేను పలికితే ఆ మనిషి ఉన్నట్టేనా అని నన్ను నేను ప్రశ్నించుకుంటూ పర్రభూమి మీద నడుస్తున్నాను. ఎండ లేదు, మబ్బు లేదు, వెలుతురు మాత్రం ఉంది. ఉప్పు పేరుకున్న బూడిదరంగు నేల కొంత దూరం సాగి గచ్చుగా మారుతుంది, గచ్చు మీద బల్లలు కనిపిస్తాయి, ముప్పై ఏళ్ళు తత్త్వశాస్త్రం చెప్పిన కళాశాల గదిలోకి వచ్చాననుకుంటాను, కానీ గోడలు తాటాకువి, కిటికీ అవతల మడచెట్లున్నాయి, కాబట్టి ఇది దివిసీమలో మా గుల్లలదిబ్బ బడి అయి ఉండాలి. డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చిననాడే ఆ బడి పోయింది. అయినా ఇక్కడ ఉంది, ఉండటం నాకు వింతగా తోచదు.

మూడో బల్ల మీద నాంచారయ్య కూర్చుని ఉన్నాడు. అదే ఖాకీ లాగు, అదే గుండీ లేని చొక్కా. జుట్టు మాత్రం నెరిసిపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి, మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకు తిప్పి పెట్టుకున్నాడు.

"ఏంట్రా, ముసలాడివైపోయావు?" అంటాను.

"నువ్వే గదరా చేసింది," అంటాడు. గొంతులో కోపం లేదు. "హాజరు పలికావు. హాజరైనోడు పెరగాలి గదా. అటు సూడు, ఆళ్ళెట్టున్నారో."

మిగిలిన బల్లల నిండా మా తరగతి పిల్లలు, ఉప్పెన తీసుకుపోయిన ముప్పై ఒక్కమందీ, తొమ్మిదేళ్ళ పిల్లలుగానే ఉన్నారు. భుజం భుజం ఆనించుకుని, మధ్యలో చెయ్యి కూడా దూరనంత ఒత్తుగా కూర్చుని నల్లబల్ల వైపు చూస్తున్నారు. ఎవరూ మా వైపు తిరగరు.

అతను దేని గురించి అంటున్నాడో నాకు తెలుసు. మా బడిలో ఒక అలవాటు ఉండేది. పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయిన రోజున నాంచారయ్య మడ అడవిలోకి పీతల కోసం పోయేవాడు, మాస్టారు తల వంచుకుని పేర్లు పిలుస్తుంటే వాడి పేరు వచ్చినప్పుడు నేను గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనేవాణ్ణి. నేను రాని రోజున వాడు నాకు అదే చేసేవాడు. వరసగా మూడు రోజులు పలకనివాడి పేరు కొట్టేస్తామని మాస్టారు బెదిరించేవారు, ఆ బెదిరింపుకు మేము కనిపెట్టిన విరుగుడు అది.

"గుడారంలో కూడా అట్టాగే అన్నావు," అంటాడు నాంచారయ్య, నేను పైకి చెప్పినట్టే.

ఆ మాటతో తాటాకు గోడలు టార్పాలినుగా మారి గాలికి ఉబ్బుతాయి. ఉప్పెన వెళ్ళిన పదో రోజు. మిగిలిన పదకొండుమందిమి గడ్డి మీద కూర్చున్నాం. ఎక్కడినుంచో వచ్చిన కొత్త మాస్టారి చేతిలో ఉప్పునీటికి ఉబ్బిన మా రిజిస్టరు ఉంది. ఆయన పక్కన పోయినవాళ్ళ జాబితా రాసే ఉద్యోగి ఉన్నాడు. ఇల్లిళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి కనుక చెప్పేవాళ్ళు లేరు, అందుకని పెద్దల పేర్లు ఓటరు జాబితా చూసి, పిల్లల పేర్లు బడి రిజిస్టరు చూసి రాస్తున్నారు. పలకని పేరు ఆ జాబితాలోకి ఎక్కుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, మూడు రోజులు దాటిపోయాయని, నాంచారయ్య పేరు కొట్టేస్తారని. ఇప్పుడు ఆ తొమ్మిదేళ్ళ నన్ను నేను వెనకనుంచి చూస్తున్నాను, వాడి నోరు మూయాలని చెయ్యి చాపుతాను, చెయ్యి అందదు. "కొక్కిలిగడ్డ నాంచారయ్య," అంటారు మాస్టారు. ఆ తొమ్మిదేళ్ళవాడు గొంతు మార్చి పలుకుతాడు. మర్నాడే మా మేనమామ వచ్చి నన్ను గుడివాడ తీసుకుపోయాడు.

"లేకపోవడాన్ని కూడా మన పాత తార్కికులు ఉన్నవాటిలో ఒకటిగానే లెక్కించార్రా," అంటాను. నన్ను నేను సమర్థించుకుంటున్నానని నాకే తెలుస్తూ ఉంటుంది. "కుండ పగిలాక మిగిలే లేమికి వాళ్ళు వేరే పేరు పెట్టారు. ఆ లేమికి మొదలుంది, చివర లేదు."

"అయన్నీ నాకు తెలీవు. కాళీ బొరియలో చెయ్యెట్టి పీతుంది పీతుందని కేకలేసేవోడివి నువ్వు. నేనొచ్చి సూత్తే బురదే."

నవ్వుతాడు. ముందు పన్ను లేదు, అది పిల్లవాడి పన్ను ఊడిందో ముసలివాడిది ఊడిందో తేల్చుకోలేను.

"ఊళ్ళో కొత్త రాయి నిలబెడతన్నారంట గదా," అంటాడు.

నిలబెడుతున్నారు. పాత స్మారక ఫలకం మీది అక్షరాలను ఉప్పుగాలి తినేసింది. మాతో చదివిన తిరుపతమ్మ ఊరివాళ్ళను కూడగట్టి నల్లరాయి తెప్పించింది, పేర్ల జాబితాను ఫొటో తీసి నిన్న సాయంత్రం నా ఫోనుకు పంపింది, చెక్కేవాడు రేపు పొద్దున్నే మొదలుపెడతాడు, తప్పులుంటే చెప్పమంది. ఏటా నవంబరు పందొమ్మిదిన ఆ ఫలకం ముందు నిలబడి ఒక్క పేరునూ మరవకూడదని మాట్లాడేది నేనే. జాబితా మొత్తం చదివాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని జవాబు పెట్టాను.

"రెండోసారి పలికావన్నమాట," అంటాడు నాంచారయ్య.

"సిగ్గేసిందిరా."

"ఎవురి ముందు?"

అతను మోకాలు రుద్దుకుంటాడు. చుట్టూ గుడారం మళ్ళీ పర్రభూమి అయిపోయింది, బల్లలు మాత్రం అలాగే ఉన్నాయి.

"నన్ను బతికించావని కోపమేం లేదు. ఈ మోకాళ్ళ నొప్పులు కూడా ఓర్చుకుంటా. మా అమ్మతోనేరా వచ్చిన సిక్కు. అమ్మా, అయ్యా, పాపా, ముగ్గురూ ఆ కాయితంలో ఉన్నారు. నేను లేను. అందుకని నాంచారిగాడు ఎక్కడో బతికున్నాడ్లే అని మా అమ్మ సంతోషపడుద్ది. ఎదురుగా పోయి నిలబడతా. నన్ను దాటుకుని సూత్తది. ఇన్నేళ్ళబట్టీ అంతే."

ఇన్నేళ్ళూ నేను నా తప్పును తూచి చూసుకున్నాను, దానికి కారణాలు వెతికాను, పిల్లవాడి భయాన్ని క్షమించవచ్చని ఒక నిర్ణయానికి కూడా వచ్చాను. ఆ తప్పు ఎవరి పక్కన ఎవరిని కూర్చోనివ్వకుండా చేసిందో ఆలోచించలేదు.

"ఏం చెయ్యమంటావు?" అంటాను.

"నన్నడుగుతావేంట్రా, సదూకున్నోడివి."

అతను లేచి, వంగిన నడుముతో ముందు బల్ల దాకా పోయి పిల్లల మధ్య కూర్చోబోతాడు. వాళ్ళు తోసెయ్యరు, జరగరు కూడా. అంచున ఒక తొడ ఆనించి, పడిపోకుండా ఒక కాలు నేలకు తన్నిపెట్టి, నా వైపు చూస్తాడు.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ గోడ మీద పడుతోంది. ఏడు దాటింది. ఫోను తీసి జాబితా చూశాను. తిరుపతమ్మ చేతిరాత. పేరు కింద పేరు, రెండు వరసలు, కాగితం కింది అంచు దాకా ఒత్తుగా వచ్చేశాయి. ఎక్కడా ఇంకో పేరు పట్టే చోటు లేదు. సందేశం రాద్దామనుకుని, రాస్తే వాక్యాలను అందంగా దిద్దుతూ కూర్చుంటానని తోచి, ఆమెకు ఫోను చేశాను.

"ఏంటన్నయ్యా, పొద్దున్నే?"

"చెక్కడం మొదలెట్టాడా?"

"టీ తాగుతన్నాడు. ఏం, తప్పులేమన్నా ఉన్నయ్యా? అన్నీ బాగున్నయ్యన్నావు గదా."

"అబద్ధం చెప్పానమ్మా. ఒక పేరు లేదు. కొక్కిలిగడ్డ నాంచారయ్య. ఆ రోజు గుడారంలో వాడి పేరుకు పలికింది నేను."

అవతల ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది.

"తెలుసు," అంది తిరుపతమ్మ. "నీ ముందే గదా కూచున్నా. నీ గొంతు నాకు తెలీదా."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెబుతావనుకున్నా. ఏటా మైకు ముందుకొచ్చినప్పుడల్లా, ఈసారి చెబుతాడేమో అనుకునేదాన్ని." కాగితం తిప్పిన చప్పుడైంది. "వరసలో చోటు లేదన్నయ్యా. ఆళ్ళమ్మ పేరు పక్కన అంచు మీద కాస్త ఉంది, అక్కడ పట్టుద్దేమో అడుగుతా. ఉండు, అందరికీ వయసు కూడా వేయిత్తన్నాం. ఎంత వెయ్యమంటావు?"

"తొమ్మిది," అన్నాను.

ఆమె ఫోను చేతిలో పట్టుకునే చెక్కేవాణ్ణి పిలిచింది. పేరు చెప్పింది, తొమ్మిదేళ్ళని చెప్పింది, అతనికి వినపడలేదేమో ఇంకోసారి గట్టిగా చెప్పింది.