చల్లారని డ్రమ్ములు

కొబ్బరి చిప్పల బొగ్గుకి ఇంత గిరాకీ వస్తుందని అక్క కలలో కూడా అనుకోలేదు. నిన్నమొన్నటిదాకా చిప్పలంటే పొయ్యిలోకి తోసే చెత్త. ఇప్పుడు నీళ్ళ ఫిల్టర్లకి ఆ బొగ్గే కావాలంటూ ఫ్యాక్టరీలు ఎగబడుతున్నాయి. రేపు రావలసిన లారీ ఒకరోజు ముందే, పొద్దున్నే వచ్చి వాకిట్లో కూర్చుంది.

పెరట్లో పన్నెండు డ్రమ్ములు, మూతల చుట్టూ మట్టి మెత్తి ఉన్నాయి. లోపల చిప్పలు కాలి బొగ్గయ్యాయి గానీ చల్లారలేదు. రేపటిదాకా వాటికి గాలి తగలకూడదు. అక్క కాలుగాలిన పిల్లిలా డ్రమ్ముల మధ్య తిరుగుతోంది. ఒకదాని మీద అరచెయ్యి ఆనించడం, చురుక్కుమనగానే తీసెయ్యడం, ఇంకోదాని దగ్గరికి పోవడం. పది నిమిషాల్లో ఏం చల్లారుతుంది? అయినా ఆమె చెయ్యి ఊరుకోదు.

తమ్ముణ్ణి అందరూ హడావిడి అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ మనిషిని సరిగ్గా చదివాడు.

"అక్కా, ఫ్యాక్టరీ మేనేజరు మళ్ళీ ఫోన్ చేశాడు. మధ్యాహ్నంలోగా లోడు కదలకపోతే మన పేరు కొట్టేస్తాడంట. ఏడాది పొడుగునా కొంటానన్నవాణ్ణి మొదటి లోడుకే పోగొట్టుకుందామా?"

"లోపల నిప్పుందిరా."

"నీళ్ళు కొట్టేద్దాం."

"తడి బొగ్గు మొహాన కొడతారు."

"ఒక్కటి తీసి చూస్తానుండు."

వద్దనేలోపే మట్టి గీకి మూత లేపాడు. నల్లగా నిగనిగలాడుతున్న బొగ్గు చూస్తూండగానే ఎర్రబడింది. అక్క వాణ్ణి నానా తిట్లూ తిడుతూ మూత బిగించి మట్టి మెత్తింది. ఆ డ్రమ్ములో సగం బూడిదే.

"మిగతావి మూతలతోనే ఎక్కిద్దాం. దారిలో గాలికి చల్లారిపోతాయి. అక్కా, నీకు దణ్ణం పెడతా, ఊఁ అను!"

అక్క నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ ఫోను మోగింది.

లారీ నీడలో కూర్చున్న డ్రైవర్ పెద్దాయన. ఫోనులో ఉన్నది మేనేజరే. సరుకు ఇంకా వేడిగా ఉందని ఇతను ఒక్కమాట అంటే చాలు, తమ పని అయిపోయినట్టే. పెద్దాయన లేచి వచ్చి, డ్రమ్ముకి చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాడు.

"సార్, బండి మొరాయించింది. రేపు పొద్దున్నకి గానీ కదలదు. వీళ్ళ తప్పేం లేదు, సరుకు రెడీగానే ఉంది."

ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మాకోసం అంత అబద్ధం ఆడావా, బాబాయ్?" అంది అక్క.

"మీకోసం కాదమ్మా. పోయిన నెల ఒకచోట చల్లారని సరుకే ఎక్కించారు. సగం దారిలో వెనకాల మంట లేచింది. దూకి బతికాను. తోలేది నేను కదా, మేనేజరు కాదు కదా. చాపేదన్నా ఉంటే ఇవ్వండి, కాస్త నడుం వాలుస్తా."

అక్క చాప తెచ్చి లారీ నీడలో పరిచింది. ఆయన పడుకుంటూ, "నువ్వు ఎక్కించనివ్వవని నాకు తెలుసులే తల్లీ. ఇందాకట్నుంచి చూస్తూనే ఉన్నాగా," అన్నాడు.

ఆ ఫోను ఒక్క క్షణం ఆలస్యంగా మోగి ఉంటే, సరే ఎక్కించెయ్ అని తనే అనేసి ఉండేది. ఆమె ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.