తీగ బంద్ చేసే మనిషి

పొద్దున ఐదున్నరకు తీగకు కరెంటు బంద్ చేయడం నా పని. బర్రె పాలు పిండడానికి ముందు, వాకిలి ఊడ్చడానికి ముందు, పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టడానికీ ముందు. వెనక తలుపు తీసి గట్టు మీద రెండు వందల అడుగులు నడిస్తే బోరు మోటారు దగ్గర స్టార్టర్ డబ్బా ఉంటుంది. దాని పక్కన మా ఆయన విడిగా బిగించిన స్విచ్చు. దాన్ని కిందికి దించితే మూడెకరాల చెరుకు చుట్టూ మోకాటి ఎత్తున కట్టిన సన్నటి ఇనుప తీగలో కరెంటు ఆగిపోతుంది. అడవి పందుల కోసం కట్టిన తీగ అది. అట్లా కట్టడం నేరమని మా ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఊరికీ తెలుసు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ తర్వాత మా చుట్టుపక్కల రైతులు చాలామంది వరికి మారిపోయారు. మా ఆయన పరమేశ్వర్ మాత్రం చెరుకు వదల్లేదు. వాళ్ల బాపు చెరుకు రైతు, తానూ చెరుకు రైతే అని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. చుట్టూ చెరుకు తగ్గిన కొద్దీ పందులు దాక్కోవడానికి మా చేనే మిగిలింది. మూడేళ్ల కింద ఒక్క వారంలో అరెకరం పడగొట్టాయి. ఆ మర్నాడే తీగ చుట్ట తెచ్చాడు.

"పండుకునే ముందు నేను పెడ్త. పొద్దుగాల నువ్వు బంద్ చెయ్యి. ఎట్లన్న లేస్తవు గదా," అన్నాడు.

ఎట్లన్న లేస్తవు గదా. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో నా మీదికి వచ్చిన పనులన్నీ ఈ మాట మీదే ఎక్కి వచ్చాయి. మా అత్త చంద్రవ్వ మంచాన పడ్డప్పుడు ఆమెను పక్క తిప్పి పడుకోబెట్టే పని వచ్చింది, ఎట్లన్న రాత్రి కథలు రాసుకుంట మేల్కొనే ఉంటవు గదా అని. చెరుకు నరికేవాళ్లు దిగినప్పుడు పన్నెండు మందికి రొట్టెలు చేసే పని వచ్చింది, ఎట్లన్న పొయ్యి ముట్టిస్తవు గదా అని. ఎట్లన్న అనే మాటలో పని కనబడదు. చేసే మనిషీ కనబడదు.

స్విచ్చు దించాక చేను చుట్టూ తిరిగి రావాలి. పంది పడితే మా ఆయనకు ఫోన్ చేయాలి, ఆయన మనుషుల్ని పిలిపించుకుంటాడు. ఇంకేదైనా పడితే ఫోన్ చేయొద్దన్నాడు. "సప్పుడు గాకుండ పాతిపెట్టు. నెమలి గిట్ల పడితే మల్ల ఫారెస్టోళ్లతోని లొల్లి." అందుకని పార ఒకటి మోటారు దగ్గరే ఉంచుకున్నాను. మూడేళ్లలో నా చేత్తో పాతిపెట్టినవి కుందేళ్లు, ఒక అడవి పిల్లి, ఉడుము, రెండు ఆడ నెమళ్లు, ఒక నక్క. మొదటిసారి ఏడ్చాను. తర్వాత గుంట ఎంత లోతు తీస్తే కుక్కలు తవ్వవో తెలుసుకున్నాను.

నేను నవలలు రాస్తాను. నాలుగు అచ్చయ్యాయి. భాగ్యలక్ష్మి అనే నా పేరే వేసుకున్నాను, ఇంటిపేరు లేకుండా. పొలాల్లో తిరిగే జంతువుల గురించి నాలాగా రాసేవాళ్లు లేరని పత్రికల్లో రాశారు. దానికి తోడు ఇంకో మాట కూడా అతికించారు. జనంలోకి రాని రచయిత్రి అని. ఆ మాట పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. మొదటి నవల విడుదల సభ నిజామాబాదులో పెట్టారు. ఆ వారమే చెరుకు కోత. "నువ్వు వోతే ఈ పన్నెండు మందికి ఎవలు వండుతరు?" అన్నాడు మా ఆయన. సభవాళ్లు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, "మా ఆమెకు జనమంటే పడదండీ, ఏమనుకోవద్దు," అని చెప్పాడు. మర్నాడు పేపర్లో అది నా స్వభావంగా వచ్చింది. ఏకాంతాన్ని కోరుకునే మనిషి అని రాశారు. సభ జరిగే సమయానికి నేను పొగలో కూర్చుని డెబ్బయ్యో రొట్టె కాలుస్తున్నాను. రెండో నవలకు మా అత్త మంచంలో ఉంది. మూడో నవల నాటికి నన్ను పిలవడమే మానేశారు, ఆమె రాదుగా అని. నాకూ అదే బాగుందనిపించసాగింది. రానియ్యలేదు అనిపించుకోవడం కన్నా రాలేదు అనిపించుకోవడంలో కొంచెం పరువు ఉంది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం నాది. పుష్యమాసంలో కందకుర్తికి పోయి గోదాట్లో స్నానం చేసి వస్తానంటే ఇంట్లో ఎవరూ కాదనరు. బోధన్ బస్టాండులో బస్సెక్కితే వెనక సీట్లో ఆడవాళ్లు మరాఠీలో ఉల్లిగడ్డల ధర గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. నాతో ఎవరూ మాట్లాడరు, నేనెవరికీ చాయ్ ఇవ్వనక్కర్లేదు. మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట, మెట్లకు దూరంగా, ఇసుకలో కూర్చుని సాయంత్రం బస్సు దాకా పిట్టలను చూస్తాను. రెండేళ్ల కింద అక్కడ నీటికుక్కలు కనిపించాయి. మూడున్నాయి. ఒకటి నోట్లో చేప పట్టుకుని గట్టెక్కింది, వెనక కాళ్ల మీద లేచి నిలబడి నన్ను చూసింది. మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి అది భయపడలేదు. తినడం అయిపోయాక మళ్లీ నీళ్లలోకి జారిపోయింది. దాన్ని నేను ఏ నవల్లోనూ రాయలేదు. రాయబోతే చేతులు ఆడలేదు. ఈ మూడేళ్లలో నేను రాసినవన్నీ వేరే రకంగా చూసినవి.

ఆ సంగతి దీక్షిత వచ్చిన రోజు నాకు అర్థమైంది. దీక్షిత నిజామాబాదు కాలేజీలో తెలుగు చెప్తుంది. నా నవలల మీద వ్యాసం రాస్తానని స్కూటీ మీద ఊరు వెతుక్కుంటూ వచ్చింది. ముందు గదిలో మా ఆయన కుర్చీ వేసుకుని మా మధ్యలో కూర్చున్నాడు. ఆమె నన్నడిగిన మాటలకు ఆయనే జవాబులు చెప్పాడు. ఎప్పుడు రాస్తారని అడిగితే, "పనులన్నీ అయినంక రాసుకుంటది, నేనేం వద్దనను," అన్నాడు. ఆ వద్దనకపోవడం గురించి దీక్షిత పుస్తకంలో రాసుకుంది.

తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "మేడం, నక్క కన్ను గురించి రాశారు చూడండీ, బెల్లం పాకం రంగు, అంచున నల్లగీత, రెప్ప మీద తెల్ల వెంట్రుకలని. అడవి జంతువును అంత దగ్గర్నుంచి ఎట్లా చూశారు మేడం? పారిపోదా?"

ఆ కన్ను చూసినప్పుడు నక్క తల నా మోచేతి మీద ఉంది. గుంట దగ్గరికి మోసుకుపోతున్నాను. పాలిచ్చే నక్క అది. దాని పొట్ట ఇంకా వెచ్చగా ఉంది. పిల్లలు చెరుకులో ఎక్కడో ఉంటాయని తెలిసి మూడు రోజులు వెతికాను, దొరకలేదు. ఈ మూడేళ్లలో నేను రాసిన జంతువులన్నీ నన్ను దగ్గరగా చూడనిచ్చాయి, ఎందుకంటే అవి పారిపోలేవు.

"పొద్దుగాల లేస్తాను గదమ్మా," అన్నాను.

"అంత మా చేన్లనే సూస్తది," అని మా ఆయన నవ్వాడు. "అడవికి వోవుడు లేదు, ఏం లేదు."

పోతూ పోతూ దీక్షిత, వచ్చే నెల లైబ్రరీలో చిన్న సమావేశం పెడతామని, ఒక్కసారి రమ్మని నా చేయి పట్టుకుని అడిగింది. నేను నోరు తెరిచేలోపు "ఆమె రాదమ్మా" అని మా ఆయన అన్నాడు. నేను తలూపాను. ఆయన మాటకు తలూపడం నాకు అలవాటు.

ఇది జరిగిన పది రోజులకు మాక్లూర్ నుంచి మా ఆయన పెద్దనాన్న కొడుకులు ముగ్గురు వచ్చారు. తెల్లారి ఆరింటికి మోర్తాడ్‌కు పిల్లను చూడ్డానికి పోవాలి వాళ్లు. తిని బయల్దేరుతామన్నారు. నేను నాలుగున్నరకే లేచి పిండి కలిపాను. ఐదున్నరకు రెండు చేతులకూ జొన్నపిండి ఉంది, పెనం మీద రొట్టె ఉంది. వాకిట్లో వాళ్లతో కూర్చున్న మా ఆయనను పిలిచి, "ఇగో, తీగ బంద్ చేసి రా జెర. నా చేతులు ఖాళీ లెవ్వు," అన్నాను.

"అయితది తియ్యి. ముందుగాల చాయ్ తే."

చాయ్ ఇచ్చాను. ఇంకోసారి చెప్పాను. "పోతా అన్న గదా," అన్నాడు, అందరి ముందు చెప్పినందుకు గొంతు కొంచెం పెంచి. నేను మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చాను. వెళ్లి ఉంటాడనుకున్నాను. అనుకోవడం నా తప్పే కావచ్చు. బయట వెలుతురు వచ్చేసింది.

ఆరుకు ఇంకా పది నిమిషాలున్నాయనగా అరుపు వినబడింది. ఆడమనిషి గొంతు. పెనం అట్లానే వదిలి ఉరికాను. చేను మూల దగ్గర ఈరవ్వ నిలబడి ఉంది. మా చేను గట్టు మీద రోజూ తన బర్రెకు గడ్డి కోసుకుపోతుంది ఆమె. కొడవలి కింద పడి ఉంది. ఆమె ముందు రెండడుగుల్లో ఆమె కుక్క ఎర్రోడు తీగ మీద అడ్డంగా పడి వణుకుతోంది. ఈరవ్వ వంగి దాని కాలు పట్టుకోబోతోంది.

"ముట్టకు! ఈరవ్వా, ముట్టకు!"

ఆమె వైపు ఉరకాలా, స్విచ్చు వైపు ఉరకాలా అన్నది ఒక్క క్షణం తెలియలేదు. స్విచ్చు వైపు ఉరికాను. అరుస్తూనే ఉరికాను. దించి వెనక్కి చూస్తే ఈరవ్వ చేయి ఇంకా గాలిలోనే ఉంది. కుక్క వణకడం ఆగిపోయింది.

నేను దగ్గరికి పోయేసరికి గట్టు మీద కూలబడి ఉంది. "ముందల ఉరికింది," అంది. "దినాం నా యెనకనే వస్తుండె. ఇయ్యాల ఏం సూసిందో, ముందల ఉరికింది." నా మొహంలోకి చూసింది. "తెల్లారింది గదా, నువ్వు బంద్ చేసే ఉంటవనుకొని వచ్చిన పటేలమ్మా."

మా ఆయన అప్పుడు వచ్చాడు, వెనకాల ఆయన అన్నదమ్ములు. కుక్కను చూశాడు, ఈరవ్వను చూశాడు. "కుక్కనే గదా. ఊకో, ఇంకోటి తెచ్చిస్త," అన్నాడు ఆమెతో. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎందుకు లేటు చేసినవ్? నీ వల్ల ఓ మనిషి సస్తుండె ఇయ్యాల. కథల మీదున్న ధ్యాస పని మీదుండదు."

ఆయన అన్నల్లో పెద్దాయన, "పోనీ తియ్యి, ఆడోళ్లకు యాది ఉండదు," అని సర్ది చెప్పాడు. నా చేతుల మీద జొన్నపిండి ఎండి బీటలు వారుతోంది. రెండుసార్లు చెప్పానని అనలేదు. అంటే ఆ మాట కూడా వాదనలో ఓడిపోతుందని తెలుసు. వాళ్లు తిరిగిపోయి రొట్టెలు తిన్నారు. పెనం మీద మాడిన రొట్టె పక్కకు పడేసి నేనే ఇంకో నాలుగు చేసి పెట్టాను. ఆరున్నరకు కారెక్కి పోయారు.

ఈరవ్వ ఎర్రోణ్ని పాతిపెట్టనియ్యలేదు. పైట కొంగులో చుట్టి, భుజాన వేసుకుని, గడ్డి కోయకుండానే ఇంటికి పోయింది.

వాకిట్లో గ్లాసులు ఎత్తుతూ ఆలోచించాను. నీ వల్ల అన్నాడు. ఆ మాట నా మీద వేసిన నింద అనుకున్నాను మొదట, మనసు మండిపోయింది. గ్లాసులు తోమేసరికి మంట తగ్గి ఇంకేదో మిగిలింది. ఆ తీగ మూడేళ్లు నడిచింది నా వల్లే. పొద్దున లేవడానికి నేను లేకపోతే అది మొదటి వారంలోనే ఎవరో ఒకర్ని చంపి ఉండేది, పీకి పారేసేవాళ్లు. నేను వేళకు లేచాను కాబట్టి, గుంటలు లోతుగా తీశాను కాబట్టి, అది నిలబడింది. ఇంత మంచిగా ఏ పనీ చేయొద్దు మనిషి.

చీర మార్చుకుని బస్సెక్కి బోధన్ కరెంటు ఆఫీసుకు పోయాను. అక్కడున్న అమ్మాయి తెల్లకాగితం ఇచ్చింది. నేను రాశాను. చేను ఎక్కడుందో, తీగ ఎటు నుంచి ఎటు పోతుందో, స్విచ్చు ఎక్కడుందో. కట్టింది పరమేశ్వర్, నా భర్త అని రాశాను. దాని కింద, రోజూ బంద్ చేసేది నేను, చచ్చిన జంతువులను పాతిపెట్టింది నేను అని రాశాను. అమ్మాయి చదివి తలెత్తి చూసింది.

"మేడం, పేరు రాయకున్నా నడుస్తది. ఫోన్ల చెప్పినా వస్తరు మావోళ్లు."

"ఉండనీ," అన్నాను. సంతకం పెట్టాను, ఇంటిపేరుతో సహా.

మర్నాడు ఇద్దరు మనుషులొచ్చి తీగ చుట్టి పట్టుకుపోయారు. ఫారెస్టువాళ్లు వచ్చి నేను చూపించిన చోటల్లా ఫోటోలు తీసుకున్నారు. కేసయింది, ఇద్దరి మీదా. మా ఆయన నాతో మాట మానేశాడు గానీ నా చేతి చాయ్ మానలేదు. మాక్లూర్ నుంచి ఫోన్లు వచ్చాయి, మొగుణ్ని పట్టిచ్చిన ఆడదాన్ని ఎక్కడా చూడలేదని. పందులు మళ్లీ చేన్లో పడ్డాయి. దీక్షిత ఫోన్ చేస్తే సమావేశానికి వస్తానని చెప్పాను, వచ్చి ఏం మాట్లాడతానో కూడా చెప్పాను.

ఈరవ్వ మాత్రం గడ్డికి రాలేదు. వారం చూసి నేనే వాళ్ల వాడకు పోయాను. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ గడపకు పోవడం అదే మొదలు. రేకుల ఇంటి ముందు కూర్చుని బర్రెకు ఎండు చొప్ప విరుస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దని, పక్కనే నేల మీద కూర్చున్నాను.

"తీగ తీసేసిండ్రు ఈరవ్వా. నేనే రాసిచ్చిన," అన్నాను. ఆమె మంచిపని చేసినవంటుందని లోపల ఎక్కడో ఆశ ఉంది నాకు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"విన్న," అంది. చొప్ప విరవడం ఆపలేదు. "గడ్డికి వచ్చినప్పుడు కొత్త మట్టి సూస్తుంటి పటేలమ్మా. మూడేండ్లు సూసిన. ఏదో నాడు నువ్వే చెప్తవనుకున్న."

"నీకెరుకైతే ఆఫీసుల నువ్వన్న చెప్పకపోతివి?" అనేశాను.

ఈరవ్వ చేతిలోని చొప్ప కింద పెట్టింది. కోపం లేదు ఆమె మొహంలో. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"నేను చెప్తె నాకు గట్టు మీద గడ్డి బందైతది. నువ్వు చెప్తె నీకేం బందైతుండె?"