నాలుగో తరగతి తలుపు

ఆ తలుపుని రెండు నెలల్లో మూడుసార్లు చిత్రిక పట్టాడు వడ్రంగి మేస్త్రి. మూడోసారి పట్టాక పనిముట్లు సంచిలో సర్దుకుని ఇంటికి వెళ్లకుండా నేరుగా హెడ్మాస్టరమ్మ గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“అమ్మా, ఇక నేను ఆ నాలుగో తరగతి తలుపు ముట్టుకోను.”

“ఏమైంది మేస్త్రిగారూ? కర్ర పాడైందా?”

“కర్ర లక్షణంగా ఉంది. మొదటిసారి తడికి ఉబ్బిందనుకున్నా. రెండోసారీ అలాగే సర్దిచెప్పుకున్నా. కానీ ఉబ్బిన తలుపు పొడుగునా ఒరుసుకుంటుంది. ఇది పై మూల ఒక్కచోటే పట్టేస్తోంది. తలుపు పెరగట్లేదమ్మా, గోడ దిగుతోంది.”

ఆమె హెడ్మాస్టరు కుర్చీలోకి వచ్చి మూడు నెలలైంది. అంతకుముందు ఇరవై ఏళ్లు అదే బడిలో పాఠాలు చెప్పింది. పిల్లల దగ్గర ఎంత ఓర్పో, ఏదైనా తేల్చాలంటే అంత నాన్చుడు. ఎవరేం అడిగినా “చూద్దాం” అనడం అలవాటు. టీచర్లు చాటుగా ‘చూద్దాం మేడమ్’ అంటారని ఆమెకి తెలుసు. నిజమే కదా అని ఊరుకునేది.

మేస్త్రి వెంట వెళ్లింది. పాత భవనం రెండు అంతస్తులది. కింద మూడు గదులు, పైన మూడు గదులు, మొత్తం రెండువందల పది మంది పిల్లలు. నాలుగో తరగతి కింద, చివరి మూలన ఉంది. మేస్త్రి ద్వారబంధం మూలకి మూలమట్టం ఆనించి చూపించాడు. ఒకవైపు చిటికెన వేలు దూరేంత సందు. పైన రసమట్టం పెడితే అందులోని బుడగ ఒక పక్కకి జరిగి అక్కడే ఆగిపోయింది. తలుపు పైమూల నుంచి ఒక బీట, మెట్లు మెట్లుగా, కప్పు దాకా పాకి ఉంది. వేసవిలో వేసిన సున్నం దాన్ని సగం దాచేసింది.

వాళ్లిద్దరూ గోడకేసి అంతసేపు చూడటం గమనించి ముందు వరస పాప భయంగా లేచి నిలబడింది.

“టీచర్, ఆ గీత నేను గీయలేదు.”

హెడ్మాస్టరమ్మకి నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

లెక్కల మాస్టారు ఆ బడిలో అందరికంటే పాతవాడు. పిలిపించి అడిగితే బీటని చూసి చెయ్యి ఊపేశాడు. “ఇదా? నేను చేరినప్పుడే ఉంది మేడమ్. నాకంటే సీనియర్.” తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “సోమవారం నుంచి పరీక్షలు. ఏ గదికి ఆ గది ప్రశ్నపత్రాలు కట్టలు కట్టి పెట్టాం. ఇప్పుడు దీన్ని కదిలిస్తే మన పని గోవిందా.”

ఆమె పై ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇంజనీరు వేరే చోట పనిలో ఉన్నారు, మంగళవారం గానీ రాలేరు. అధికారి అడిగాడు.

“ప్రమాదం ఉందంటారా?”

“తెలియదండి.”

“లేదంటారా?”

“అదీ తెలియదండి.”

“అక్కడున్నది మీరు. మీరే చూసుకోండి. మూస్తే మాత్రం కారణం రాసి పంపండి.”

ఆ మధ్యాహ్నానికి నాలుగో తరగతి పిల్లల్ని మాత్రం భోజనాల హాల్లో కూర్చోబెట్టించింది. లెక్కల మాస్టారు అది చూసి, “మరి నాలుగో తరగతి నెత్తిమీద నా అయిదో తరగతి ఉంది కదండీ. గోడ పడితే పైవాళ్లని వదిలేస్తుందా?” అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. ఆమెకి మాత్రం అది సూటిగా తగిలింది. తను చేసింది అటూ ఇటూ కాని పని అని అర్థమైంది.

బడి వదిలాక మేస్త్రి బీట మీద మూడుచోట్ల సన్నటి గాజుముక్కలు అడ్డంగా పెట్టి ప్లాస్టర్‌తో అతికించాడు. “గాజు సాగదు, వంగదు. గోడ కదిలితే విరిగి ఊరుకుంటుంది. పొద్దున్న చూద్దాం,” అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వంటింట్లో బల్ల ముందు కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కోడలి మొహం చూడగానే చేట ఆమె వైపు తోసింది. “కూర్చో. ఒలుస్తూ చెప్పు.”

కోడలు అంతా చెప్పింది.

“ఓసారి మా వార్డులోకి జ్వరంతో ఒక పిల్లని తెచ్చారు,” అంది అత్తగారు. “ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. అంటురోగమో కాదో తెలీదు. డాక్టరు మర్నాడు గానీ రాడు. చుట్టూ పద్నాలుగు మంది పిల్లలు. నేను ఆ పిల్ల మంచం పక్కగదిలోకి తోసేశాను.”

“ఏమని తేలింది?”

“చెమటకాయలు! జ్వరం వేరే, అవి వేరే. వారం రోజులు నన్ను చెమటకాయల సిస్టర్ అని పిలిచారు.”

“బాధనిపించలేదా అత్తయ్యా?”

“మంచం తోసిన చేతులు రెండు రోజులు నొప్పెట్టాయి. అంతే.” ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. “సరే, ఇప్పుడు నువ్వేం తేల్చాలి?”

“గోడ బాగుందో లేదో.”

“అది నువ్వు తేల్చగలవా?”

“లేను.”

“మరి దాన్ని పట్టుకుని వేలాడతావేంటే? నువ్వు తేల్చగలిగింది ఏముంది?”

“పిల్లలు ఎక్కడ కూర్చోవాలన్నది.”

“అయితే అది తేల్చు.”

వంట అయ్యేలోపు ఆమె ఒక కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఖాళీ చేయిస్తే, తీరా గోడ బాగానే ఉంటే: నాలుగు రోజుల గందరగోళం, తల్లిదండ్రుల చీవాట్లు, స్టాఫ్‌రూమ్‌లో నవ్వులు, ఆఫీసుకి ఒక సంజాయిషీ. ఇవన్నీ గబగబా రాసేసింది. ఖాళీ చేయించకపోతే, గోడ బాగోకపోతే అని రాసి అక్కడ ఆగింది. ఆ తర్వాత కలం కదల్లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

అయినా శుక్రవారం పొద్దున్న బడికి వెళ్తున్నప్పుడు మనసులో ఒక ఆశ పీకుతూనే ఉంది. గాజుముక్కలే సంగతి తేల్చేస్తే తన నెత్తిన పడదు కదా అని.

మేస్త్రి అప్పటికే అక్కడ ఉన్నాడు, లెక్కల మాస్టారూ వచ్చాడు. మూడింటిలో పై గాజు విరిగింది. కింది రెండూ చెక్కుచెదరలేదు.

“విరిగింది,” అన్నాడు మేస్త్రి.

“పైది ఎండపొడ పడే చోట ఉంది,” అన్నాడు మాస్టారు. “ప్లాస్టర్ ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఆ లాగుడికే విరిగి ఉండొచ్చు కదా?”

మేస్త్రి అబద్ధమాడే మనిషి కాదు. “ఉండొచ్చు,” అన్నాడు.

ముగ్గురూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. గాజు కూడా తనలాగే ‘చూద్దాం’ అంటోందని అనిపించింది ఆమెకి. అప్పటికే పిల్లలు వస్తున్నారు. పైనుంచి బల్లలు జరుపుతున్న చప్పుడు, పరుగులు.

“మాస్టారూ, భవనం ఖాళీ చేయిద్దాం. ఆరు గదులూ,” అంది.

“మేడమ్, సోమవారం పరీక్షలు…”

“భోజనాల హాల్లో, కొత్త భవనం వరండాల్లో రెండు పూటలుగా రాయిద్దాం. మంగళవారం ఇంజనీరుగారు వచ్చి బాగుందంటే బుధవారం అందరం తిరిగొచ్చేద్దాం. ఏడాదంతా మీరు ఈ కథ చెప్పి నవ్వించుకోవచ్చు, నేనేమీ అనుకోను.”

ఆయన ఆమెని వింతగా చూశాడు. ఆ గొంతు ఆయన ఎప్పుడూ విన్నది కాదు. పెద్దగా నిట్టూర్చి, “టైమ్‌టేబుల్ నేను వేస్తాను. మీరు వేస్తే ఒకే పిల్ల ఒకే పూట రెండు చోట్ల పరీక్ష రాయాల్సొస్తుంది,” అంటూ మెట్లెక్కాడు, తన తరగతిని దించడానికి.

పరుగులు లేకుండా, తోసుకోకుండా, ఒక్కో తరగతీ వరసలో దిగింది. అందరూ దిగాక ఆమె ఒక్కతే పైకి వెళ్లి గది గదీ చూసింది. చివరి గదిలో బల్ల కింద రెండు జడలు కనిపించాయి.

“రబ్బరు పడిపోయింది టీచర్.”

“నాది ఇస్తా, రా.”

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దిగి, వరండా గేటుకి తాళం వేసింది. మైదానంలోకి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ కిటికీలు. అప్పుడు అక్కడే సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. నిన్నటి నుంచి గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. గోడ సంగతి ఇప్పటికీ తెలియదు. కానీ దాని కింద ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంది.

ఆఫీసుకి ఉత్తరం రెండే వాక్యాలు రాసింది. ‘భవనం ప్రమాదకరమో కాదో నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఖాళీ చేయించాను.’

సోమవారం పరీక్షలు మొదలయ్యాయి. జవాబు పత్రాలకి ఉల్లిపాయల వాసన పట్టింది. ఒక తండ్రి, టైలరు, గేటు దగ్గర గొంతు చించుకున్నాడు. “గోడ మీద గీత కనిపిస్తే బడి మూసేస్తారా? మా ఇంటికొచ్చి చూడండి, ఎన్ని గీతలున్నాయో!”

“మీరనేది నిజమే కావచ్చండి,” అంది ఆమె. పోట్లాటకి సిద్ధమై వచ్చిన మనిషి, ఏం చెయ్యాలో తెలియక, కూతురు పెన్ను మర్చిపోయిందని ఇచ్చి వెళ్లిపోయాడు.

పాత భవనం మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంది. పిట్టగోడ మీద పావురాలు దర్జాగా తిరుగుతున్నాయి. “వాటికి మీ ఆర్డరు అందినట్టు లేదు మేడమ్,” అన్నాడు లెక్కల మాస్టారు. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది.

మంగళవారం ఇంజనీరు వచ్చింది. నెరిసిన జుట్టు, బురద బూట్లు, తక్కువ మాటలు. బీటలోకి టార్చి వేసి చాలాసేపు చూసింది.

“ఇది పాతదే. లోపల పాత రంగు ఉంది.”

లెక్కల మాస్టారు మర్యాదగా మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇంజనీరు గోడ పొడుగునా బయట నడుచుకుంటూ వెళ్లి మూల దగ్గర ఆగింది.

“ఇక్కడ నేల ఎప్పుడూ ఇలా తడిగానే ఉంటుందా?”

ఎవరికీ తెలియదు. మనిషిని పెట్టి తవ్వించింది. మోకాలి లోతుకి వెళ్లేసరికి నీళ్ల పైపు కనిపించింది, అతుకు దగ్గర సన్నగా చిమ్ముతూ. ఆ నీళ్లు ఎన్నాళ్లుగానో పునాది కింద మట్టిని కోసేస్తున్నాయి. ఇంజనీరు మోచేతి దాకా చెయ్యి పెట్టింది, అడుగు తగల్లేదు. పొడవాటి ఇనుప చువ్వ తెప్పించి దూర్చింది. అదీ దేనికీ తగల్లేదు.

“బీట పాతదే, కదలిక కొత్తది,” అంది చెయ్యి తుడుచుకుంటూ. “పైపు కట్టేయండి. పిల్లలు లోపల లేరుగా?”

“శుక్రవారం నుంచీ లేరండి,” అన్నాడు లెక్కల మాస్టారు.

“ఇంకెన్నాళ్లు నిలబడేదండీ?” అడిగింది హెడ్మాస్టరమ్మ.

“చెప్పలేను. అయిదేళ్లు ఉండేదేమో. ఒక్క పెద్ద వానకి ఒరిగేదేమో. మీ స్థానంలో ఉంటే నేనూ ఇదే చేసేదాన్ని.”

ఆ మాట వినగానే ఎక్కడిదో ఒక నవ్వు అందరి మొహాల్లోకీ వచ్చింది. వంటావిడ అడగకుండానే అందరికీ టీ పోసింది. మేస్త్రి భుజం ఎవరో తట్టారు. లెక్కల మాస్టారు మాత్రం గ్లాసు పట్టుకుని ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“నిరుడే ఆ బీట కాస్త పెరిగినట్టు అనిపించింది మేడమ్. అందరూ మామూలుగా తిరుగుతుంటే నా భ్రమ అనుకున్నా.”

“మేస్త్రిగారు చెప్పకపోతే నాకసలు కనిపించేదే కాదు మాస్టారూ. టీ చల్లారిపోతోంది, తాగండి.”

మర్నాటి నుంచి గోడకి ఊతాలు పెట్టారు. సెలవులయ్యేలోపు పునాది నింపి ఇస్తామన్నారు.

మంగళవారం సాయంత్రమే ఇంట్లో సంగతంతా విని అత్తగారు అడిగింది. “అదే ఆ ఇంజనీరు, ఏమీ లేదు పొమ్మంటే? ఏమయ్యేదానివి?”

“సిగ్గుపడేదాన్ని. బాధపడేదాన్ని మాత్రం కాదు అత్తయ్యా.”

“అదీ మాట. కాళ్లు చాపుకుని పడుకో, వంట నేను చూస్తా.”

కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది. వీధిలో పిల్లలు రేపటి పరీక్షని గాలికొదిలేసి ఆడుకుంటున్నారు. వాళ్ల అరుపుల మధ్యే ఆమె కంటినిండా నిద్రపోయింది.