కావడి నౌకలో అతిథి

సూర్యుడు శనిగ్రహము వెనుకకు జాఱుచుండ వలయములపై బంగారుచాయ సన్నగిల్లి ఆ గ్రహముచుట్టు తిరుగు రేవుపై విశాలమైన నీడ పఱచుకొనుచుండెను. ఆ సంధ్యాసమయమున రెండు కావడి నౌకలు ప్రక్కప్రక్కనే నిలిచియుండెను. నడుమ దూలమును దాని యిరుగడల వ్రేలాడు గంపలవంటి గదులును గల యా నౌకలు ఒక యాత్రయందు ధాన్యమును వేఱొక యాత్రయందు శాస్త్రజ్ఞుల యంత్రపరికరములను మోయుచు గంపలు మార్చినంతనే వృత్తి మార్చుకొనునవి. మాఱనివి వంటగదియు పడకయు నౌకకొక్కరుగా నుండు నావికుల యేకాంతమును మాత్రమే.

అందొక నౌకకు నావికుడగు నరహరి గంపలు మార్పించుకొని తన నౌకకు మరలివచ్చి గడపకడనే నిలిచిపోయెను. ఇంగువపోపు వాసన ఘుమ్మని యెదురువచ్చెను. పరుల చేతివంట తిని యెంతకాలమైనదో యతనికే జ్ఞప్తి లేదు. పొయ్యికడ నడివయస్సు దాటిన స్త్రీ యొకతె చారు దించుచుండెను. ఆమె ప్రక్కనౌకను నడుపు తాయారమ్మ యని యంగీపైనున్న పేరు చూచి గ్రహించెను. ఆ నౌకలన్నియు ఒక్క యచ్చున పోసినవి గావున పొరపాటున పరుల నౌకలో దూఱుట ఆ రేవున వింత గాదు.

"భోజనవేళకు వచ్చితిరి, కూర్చుండుడయ్యా" అని యామె చుట్టమును బిలిచినట్లు బిలిచెను.

ఇది నా నౌక యను మాట నరహరి నాలుకదాక వచ్చి వెనుదిరిగెను. చెప్పినచో ఆమె సిగ్గుపడి వెడలిపోవును. చెప్పకున్నచో దూరపు వలసవాసులకు మందులు మోయుచున్న ఆమె నౌక బయలుదేఱు వేళ తప్పును. ఈ ముద్దయైన పిదప చెప్పెదనని తలంచుచు పప్పు తినెను, చారు తినెను. ఆమె యెదుట కూర్చుండి తానును తినుచు తన చెల్లెలి బిడ్డ పెండ్లిముచ్చట చెప్పుచుండ తృప్తిగా ఊకొట్టెను. ఇంకను మజ్జిగ పోయకమునుపే ఆమె నౌక బయలుదేఱవలెనని రేవుగంట మ్రోగెను.

నరహరి తల వంచుకొని "అమ్మా, యిది మీ నౌక కాదు, నాది. ముందే చెప్పవలసినది. ఒంటరిగా తినలేక యూరకుంటిని" అనెను.

తాయారమ్మ తొట్రుపడలేదు. అతని కంచములో మజ్జిగ పోసి "సగములో లేవకుడు" అని మాత్రము పలికి వెడలిపోయెను.

ఆమె నౌకదీపము చీకటిలో కలసిపోవువఱకు చూచి నరహరి యంట్లు సర్దబోగా పొయ్యిప్రక్కన చిన్న యింగువడబ్బీ కనబడెను. అతని వంటగదిలో ఇంగువ నిండుకొని చిరకాలమైనది. ఆమె పోపువేళ అది లేకుండుట చూచి తన పొరపాటు తెలిసికొని తన నౌకకు బోయి డబ్బీ తీసికొని మరల నిచ్చటికే వచ్చినది. తాను దొంగిలించితిననుకొన్న భోజనమును తనవంటి యొంటరి మనిషియే తెలిసి వడ్డించినది. నరహరికి దుఃఖము పొంగివచ్చెను. వాసన యెగిరిపోవునను భయముతో మూత తీయక ఆ డబ్బీని ఆమె తినిన కంచము ప్రక్కన నుంచెను.