శిరివెళ్ల దాటేదాకా

రాజధాని కర్నూలు నుంచి సామాను సర్దుకొని హైదరాబాదుకు వెళ్ళిపోయిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు నాకు మొదట తోచింది ఒక్కటే. అంత సామాను కదిలించేటప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి మరిచిపోయే ఉంటారు. దాన్ని ఎవరైనా జాగ్రత్తగా తీసి పెట్టారో, లేక బండ్లు కదలగానే వెనకే చీపురు పట్టి ఊడ్చేశారో! ఊడ్చి ఉంటే మాత్రం రాజధాని ఇక తిరిగి రాదనుకున్నాను.

ఊరికి పోయినవాళ్ళ వెనకే ఇల్లు ఊడ్చకూడదు. శవం లేచిన ఇంట్లోనే అట్లా ఊడుస్తారు. ఇది మా అమ్మ నాకు చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. మామూలు ఇండ్లల్లో దీనితో పెద్ద ఇబ్బంది లేదు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఊరికి పోతారు, ఆ పూట చీపురు మూలన పడుకుంటుంది. నా ఇల్లు నంద్యాల రైలుస్టేషనుకు దగ్గర. ఆళ్లగడ్డ వైపు నా బంధువులు ఎవరికి రైలు పని పడినా ముందురోజు బస్సు దిగి, మా వీధివైపు పడసాలలో పడుకొని, తెల్లవారి బండెక్కుతారు. ఎక్కే ముందు మోయలేనిదేదో నా ముందు దించుతారు.

"ఈడ పెట్టి పోతాండా అత్తా. మళ్ళొచ్చేటప్పుడు తీసుకుంటా."

ఆ మాట నాకు దేవుడిచ్చిన వరంలా వినిపించేది. వస్తువు ఉందంటే మనిషి వస్తాడు. అందుకని ఊడ్చడమే కాదు, వాళ్ళు పెట్టిన మూటను పెట్టిన చోటినుంచి కదిలించేదాన్ని కూడా కాదు. నా భర్త గుంటూరు బండెక్కి పోయిన పొద్దున మా అత్త వాకిలీ ఇల్లూ శుభ్రంగా ఊడ్చింది. ఆయనకు ఆ ఊళ్ళో జ్వరం తగిలింది, వార్త మాత్రమే తిరిగొచ్చింది. చీపురుకూ జ్వరానికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన చేతికి ధైర్యం రాదు.

అట్లా ఏండ్లు గడిచేసరికి పడసాలలో పత్తివిత్తనాల మూటలు, సాన పట్టించడానికి తెచ్చిన నాగలి కర్రు, తాళంచెవి లేని ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు, కాలు విరిగిన కుర్చీ, ఎవరి పెండ్లికో తెచ్చిన అడ్డతెర, నా తమ్ముడు మద్దిలేటి మరిచిపోయిన గొడుగులు పేరుకున్నాయి. గొడుగులే ఆరు. పడసాల నిండి నడిమింట్లోకి వచ్చాయి. నేను వంటింట్లోకి జరిగాను. వంటింటికీ వీధివాకిలికీ మధ్య ఒక్క మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి మిగిలింది. అది కూడా గాలి పీల్చకుండా నడవాలి.

రాత్రి నిద్ర పట్టేది కాదు. బండి కూత వినగానే గుండె దడదడలాడేది. కండ్లు తెరిస్తే చీకట్లో మూటలన్నీ కూర్చున్న మనుషుల్లా కనిపించేవి. పోనీ దీపం పెట్టుకొని చదువుకుందామంటే నా కండ్లద్దాలు కనిపించకుండా పోయాయి. బెల్లం పొట్లాల కాగితాల మీద, స్టేషను బోర్డుల మీద నాకు నేనే అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ చదువు లేకపోతే నా బుర్ర ఖాళీ లేని ఇంకొక పడసాల. బంధువులు మరిచిపోయిన కండ్లద్దాలు ఇంట్లో మూడు జతలున్నాయి. ఒకదానితో అక్షరాలు ఏనుగుల్లా కనిపించాయి, ఒకదానితో చీమల్లా. మూడోదానికి ఒక్క అద్దమే ఉంది. ఒక కన్ను మూసుకొని నెలరోజులు పేపరు చదివాను.

ఆ సమయంలోనే మద్దిలేటి కూతురు లీలావతికి నెలలు నిండుతున్నాయని కబురొచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. లీలావతికి తల్లి లేదు. నా మరదలు సరోజమ్మ ఆ పిల్ల మూడేండ్లప్పుడు మద్రాసు ఆసుపత్రికని మా ఇంటినుంచే బండెక్కి మళ్ళీ రాలేదు. మేనత్తను నేనే ఉన్నాను, ఊళ్ళో ఆసుపత్రి ఉంది, మంత్రసాని హన్నమ్మ మా వెనకవీధిలోనే ఉంది. "అక్కా, నీ ఇంటికే పంపిస్తా" అన్నాడు మద్దిలేటి. నేను పొంగిపోయాను. ఇన్నేండ్లుగా నా గడపనుంచి జనం పోవడమే చూశాను. మొదటిసారి ఒక మనిషి ఈ ఇంట్లోకి, అదీ ఊపిరితో సహా కొత్తగా, రాబోతోంది.

హన్నమ్మ ఇల్లు చూడడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, నవ్వకుండా నవ్విస్తుంది. వాకిట్లో నుంచే, "పెద్దమ్మా, యాడుండావు?" అని కేకేసింది.

"ఈడే ఉండా. రా."

"వస్తా గానీ, దారి చెప్పు."

పక్కకు తిరిగి లోపలికి వచ్చింది. నడిమింట్లో నాగలి కర్రు ఆమె చీర అంచు పట్టుకుంది. విడిపించుకుంటూ నిలబడి, కిందికీ పైకీ చూసింది.

"మంచం యాడ ఏస్తావు?"

"ఏదో ఒకచోట…"

"కాగునీళ్ళు యాడ పెడ్తావు? నేను యాడ నిలబడల్ల? ఈ ఇంట్లో బిడ్డ పుడితే, ఆ యెంటనే యాడ పెట్టినామో ఎతుక్కోవల్ల!"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పెద్దమ్మా, వచ్చే ఆదివారానికి నడిమిల్లు ఖాళీ కావల్ల. కాకుంటే మద్దిలేటన్నకు నేనే కబురు చేస్తా, పిల్లను ఆళ్లగడ్డలోనే పెట్టుకోమని. గుడిసె అయినా ఫర్వాలేదు, శుభ్రంగా ఉండల్ల. గోదాములో కాన్పు నేను చెయ్యను."

నా గుండె దడ మొదలైంది. ఆమె నా చెయ్యి పట్టుకొని నాడి చూసింది.

"దీనికి గూడా అదే మందు. నువ్వు కండ్లు తెరిస్తే ఏం కనపడ్తాది? పోయినోళ్ళు. ఒక్కో మూటా 'నేను పోతాండా, నేను పోతాండా' అంటాంది. నిద్రెట్ల పడ్తాది? ఇది ఇల్లు కాదు పెద్దమ్మా, ప్లాటుఫారం."

సరే, ఖాళీ చేద్దామనే నిశ్చయించుకున్నాను. సోమవారం చీపురు తీసుకునేసరికి కొలిమిగుండ్లనుంచి వచ్చిన చుట్టమొకాయన గుంతకల్లు బండికి బయలుదేరాడు. చీపురు మూలన పెట్టాను. మంగళవారం వస్తువు గడప దాటించకూడదు. బుధవారం ఇద్దరు దిగి, గురువారం పొద్దున పోయారు. పోతూ పోతూ ఒక సజ్జల మూట పెట్టిపోయారు. శుక్రవారం సంగతి చెప్పనక్కర్లేదు. శనివారం ఎవరూ పోలేదు. పొంగిపోయి చీపురు అందుకునేసరికి దీపాలవేళ అయింది. దీపం పెట్టాక ఊడ్చి బయట పోస్తే లక్ష్మి కూడా దాంతోపాటే పోతుంది.

ఆదివారం ప్రార్థన కాగానే హన్నమ్మ చర్చినుంచి నేరుగా వచ్చింది. గడపలో నిలబడి సజ్జల మూటవైపు చూసింది.

"ఇది పోయినవారం లేదే!"

నేను అన్నీ చెప్పుకున్నాను. ఆమె విని, విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే నువ్వే ఊరికి పో. ఇవన్నీ బస్సు మీదికి ఎక్కించుకొని ఆళ్లగడ్డకు పోయి ఎవరివి వాళ్ళకిచ్చి, పిల్లను ఎంటబెట్టుకొని రా. నేను ఊడుస్తా."

"నా ఎనకా? నేను తిరిగి రాకుంటే?"

"మా ఇంట్లో రోజూ మా ఆయప్ప గడప దాటంగానే ఊడుస్తా. రోజూ తిరిగొస్తాండాడు. ఒక్కోనాడు రాకుంటే బాగుండనిపిస్తాది, అయినా వస్తాండాడు!"

ఆ రోజంతా ఆలోచించాను. ఎవరి వెనక ఊడ్చినా భయమే. కానీ ఊడ్చడం నా వెనకైతే, రాకుండా పోయేది నేను. ఇంకెవరూ కాదు. అది కొంత నయమనిపించింది. పైగా అటువైపు లీలావతి ఉంది. బుధవారం తాళంచెవి హన్నమ్మ చేతిలో పెట్టాను. మూటలన్నీ తీశాక అడుగున ఒక పాత గుడ్డలో చుట్టిన చిన్న పొట్లం తగిలింది. విప్పకుండానే తెలిసింది. సరోజమ్మది. మద్రాసు బండి ఎక్కే ముందు నా చేతికిచ్చిపోయింది. దాన్ని మాత్రం బస్సెక్కించడానికి మనసొప్పలేదు. గూట్లో పెట్టి వచ్చేశాను.

బస్సు కండక్టరు టాపు మీదికి చూసి, నన్ను చూసి, "ఏమవ్వా, నంద్యాల ఖాళీ చేస్తాండారా?" అన్నాడు.

"నా ఇల్లొక్కటే నాయనా."

బస్సు కదిలింది. ఇప్పుడు చీపురు తీసి ఉంటుంది అనుకున్నాను. ఊరు దాటింది. ఇప్పుడు పడసాల అయి ఉంటుంది. శిరివెళ్లలో ఇంజనుకు నీళ్ళు పోయడానికి ఆపారు. దిగి వెనక్కి పోదామా అని కాలు కింద పెట్టాను. టాపు మీద ఆరు గొడుగులు, అడ్డతెర, నాగలి కర్రు గుర్తొచ్చాయి. వాటిని దింపించాలంటే కండక్టరు నన్ను ఊరేగిస్తాడు. కాలు పైకి తీసుకున్నాను. మనిషి ముందుకు పోవడానికి ఒక్కోసారి ధైర్యం అక్కర్లేదు, సామాను చాలు.

ఆళ్లగడ్డలో మద్దిలేటి బస్సుస్టాండులో నన్ను చూసి సంతోషించాడు. టాపు చూసి బెదిరిపోయాడు.

"ఏందక్కా ఇది? ఎవరిదన్నా పెండ్లా, దోపిడా?"

"నీవి గూడా ఉండాయి." గొడుగులు చేతికిచ్చాను.

వాడు ఒక్కొక్కటే విప్పి చూశాడు. "ఓరి! ఇవన్నీ నీ ఇంట్లోనే ఉండాయా? నేను ప్రతిసారీ బస్సోన్ని తిట్టుకుంటి!"

"నా ఇంట్లో మరిచిపోయినానని తెలీదా నీకు?"

"తెలిస్తే ఆరు కొంటానా?"

"మరి నువ్వు గొడుగు కోసం రాలేదా, ఇన్నిసార్లు?"

మద్దిలేటి నన్ను వింతగా చూశాడు. "గొడుగు కోసం నంద్యాలకు ఎవరొస్తారక్కా? నిన్ను చూసేదానికొస్తి."

నేను బస్సు మెట్టు మీదే కూర్చుండిపోయాను. కండక్టరు లేవమన్నాడు.

మిగిలిన వస్తువులు ఊళ్ళో పంచడానికి ఆ పూట పట్టింది. ఒకరు ట్రంకుపెట్టె చూసి ఇది మాది కాదన్నారు. తాళం పగలగొట్టి చూస్తే వాళ్ళ తాత పంచె ఉంది. నాగలి కర్రు గలాయన, "ఇంకా సాన పట్టియ్యలేదా?" అని నామీదే కసిరాడు. పత్తివిత్తనాలు మొలకెత్తే వయసు దాటి చాలాకాలమైంది. వాటిని గేదెలు సంతోషంగా తిన్నాయి. ఏ ఒక్కరూ ఆ వస్తువు కోసం నిద్ర మానుకోలేదు. వాళ్ళ తరఫున అది కూడా నేనే చేశానన్నమాట.

తిరుగు ప్రయాణంలో లీలావతితో బస్సు దగ్గరికి వచ్చేసరికి ఒకాయన చెనక్కాయల మూట మోసుకొని పరుగెత్తుకొచ్చాడు. "అత్తా, ఇది మీ ఇంట్లో పెట్టు. రైలుకొచ్చినప్పుడు…"

నోరు తెరిచాను. లోపలినుంచి ఎప్పుడూ రాని మాట ఒకటి వచ్చింది. "వద్దు."

ఆయన కంటే నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను.

నంద్యాలలో వాకిలి దాటగానే ఇది నా ఇల్లేనా అనిపించింది. గోడలు నీలం రంగని మరిచేపోయాను. "హన్నమ్మా" అని పిలిస్తే నా గొంతే గదిలో తిరిగి నా దగ్గరికొచ్చింది. హన్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉంది.

"చూస్తివా, వస్తివి."

"నిజంగా ఊడిస్తివా?"

"ఊడిస్తి, కడిగితి, మళ్ళా ఊడిస్తి. నీ కండ్లద్దాలు దొరికినాయి. రోలు ఎనక."

లీలావతి నడిమింట్లో నిలబడి గూటివైపు చూస్తోంది. ఇంకేమీ లేని గోడలో, ఒంటరిగా, చింతపండుతో తోమిన ఒక వెండి ఉగ్గుగిన్నె తళతళలాడుతోంది. పాత గుడ్డ ఉతికి పక్కన మడిచి పెట్టి ఉంది.

"ఎవరిదత్తా అది?"

"మీ అమ్మది. నీకు ఉగ్గు పోసిన గిన్నె. అన్ని మూటల కింద ఉండె, నాకే కనపడలా."

లీలావతి గిన్నె తీసుకొని పొట్టకు ఆనించుకుంది. నేను కాసేపు నడుం వాలుద్దామని పడసాలలో చాప పరిచాను. ఎటు కాళ్ళు చాపినా ఏదీ తగల్లేదు. మొదట భయమేసింది. తర్వాత ఎప్పుడు పట్టిందో నిద్ర, సాయంత్రం బండి కూతేసి పోయిందట, నాకు తెలియలేదు.

నెల తిరక్కుండానే ఆడపిల్ల పుట్టింది. హన్నమ్మ నిలబడడానికీ, కాగునీళ్ళకూ, బయట మద్దిలేటి పచార్లకూ సరిపడా చోటుంది. పిల్ల ఏడిస్తే ఇల్లంతా మోగింది. మూటలుంటే అంత మోగేది కాదు.

మూడోనెల లీలావతి భర్త ఓబులేసు, మద్దిలేటి కలిసి తీసుకుపోవడానికి వచ్చారు. ఉగ్గుగిన్నె నేనే లీలావతి సంచిలో అడుగున పెట్టి, పైన బట్టలు సర్దాను. ఓబులేసు కొత్తగా చేయించిన ఉయ్యాల చూసి గడ్డం గోక్కున్నాడు.

"అత్తా, ఇది బస్సులో కష్టం. ఈడ పెట్టి పోతా, మళ్ళొచ్చేటప్పుడు…"

"తీసుకొని పో!" అన్నాం నేనూ హన్నమ్మా ఒక్క గొంతుతో.

బస్సు పోయింది. ఇంటికొచ్చాక హన్నమ్మ చీపురు తెచ్చి నా ముందు పెట్టి, కనుబొమ్మలు ఎగరేసింది. నా గుండె దడ ఎక్కడికీ పోలేదు. తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఉండు. బస్సు శిరివెళ్ల దాటనీ."

"అందాక ఏం చేస్తాం?"

"కూర్చో, పేపరు చదివి ఇనిపిస్తా."

రెండు కండ్లతోనూ చదివాను. సినిమా ప్రకటనలతో సహా అంతా అయిపోయింది. ఈపాటికి దాటి ఉంటుందనుకొని లేచి చీపురు పట్టాను. నడిమిల్లు ఊడ్చాను, పడసాల ఊడ్చాను, వీధితలుపు వెనక్కి చీపురు తోస్తే ఏదో తగిలింది.

మద్దిలేటి గొడుగు. కొత్తది.

హన్నమ్మ నావైపు చూసింది. నేను గొడుగువైపు చూశాను.

"రేపటి బస్సుకు పంపిస్తా" అన్నాను. పంపించాను కూడా. వాడు గొడుగు కోసం రాడు కదా.