సాంబయ్య విన్న దెబ్బలు

మా ఆయన పోయాక నా ఆట బాగుపడింది. ఊరికే అనడం లేదు, కావాలంటే స్కోరు కార్డులు చూపిస్తాను. గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బలకి బంతి గుంటలో పడితే అంత గొప్ప. ఆయన ఉన్న రోజుల్లో తొమ్మిది గుంటలకీ కలిపి యాభై రెండో, యాభై నాలుగో కొట్టేదాన్ని. ఆయన పోయాక, మొన్నటిదాకా నలభై ఆరు దాటింది లేదు. యాభై తొమ్మిదేళ్ళ మనిషికి, అదీ మోకాళ్ళ నొప్పులతో, చిన్న విషయమా చెప్పండి?

ఒక్కటే లోటు. ప్రతి కార్డు కిందా రెండు గీతలుంటాయి. ఒకటి ఆడినవాళ్ళ సంతకానికి, రెండోది మార్కర్ సంతకానికి. మార్కరంటే మన పక్కనే నడిచి, ఆట చూసి, ఈ లెక్క నిజమేనని సంతకం పెట్టే మనిషి. మా ఆయన జగన్మోహనరావు గారు పోయినప్పటి నుంచి ముప్ఫై ఒక్క కార్డుల మీద ఆ రెండో గీత ఖాళీగానే ఉంది. పైన ప్రమీలారాణి అని నేను సంతకం పెట్టుకోవడం, కింద ఎవరూ ఔననకపోవడం. రిటైరయ్యేలోపు ఒక్క కార్డు మీదైనా ఆ సంతకం పడాలని నాకు పట్టుకుంది. పిచ్చే అనుకోండి.

ఆయన మార్కర్‌గా మహా చాదస్తం మనిషి. "ప్రమీలా, పొదలో ఒకటి కొట్టావు, అది రాయలేదు" అనేవారు. "కొట్టలేదు, ఊరికే తగిలింది" అనేదాన్ని. "తగిలినా దెబ్బే" అనేవారు. ఒకసారి అలాంటి ఒక్క దెబ్బ కోసం విశాఖపట్నం నుంచి రాజమండ్రి దాకా కార్లో మాటల్లేవు. రాజమండ్రిలో టీ తాగుతూ, "సరేలే, ఆరే రాసుకో" అన్నారు. నాకు ఒళ్ళు మండి ఏడే రాశాను.

నా ఉద్యోగం పళ్ళ నాణ్యత చూడటం. ఎగుమతి చేసే కంపెనీ తరఫున ఊరూరా తిరిగి, పెట్టెల్లో సర్దిన కాయ మీద సొన మరకలున్నాయా, లోపల పురుగుందా అని చూసి సరే అనడమో, కాదనడమో. ఏడాదిలో సగం రోజులు లాడ్జీల్లోనే. కారు డిక్కీలో ఎప్పుడూ ఒక సంచీ ఉంటుంది, ఏడు గోల్ఫ్ క్లబ్బులతో, అంటే బంతి కొట్టే కర్రలతో.

పని మీద వెళ్ళిన ఊళ్ళో ఆడదగ్గ గోల్ఫ్ కోర్సు వెతకడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇంటర్నెట్‌లో రేటింగు చుక్కలు చూసి వెళ్ళామా, మోసపోయామే. హోటల్ కౌంటర్లో అడిగినా దండగే, వాళ్ళకి స్విమ్మింగ్ పూల్ తప్ప ఇంకోటి తెలీదు. రైల్వే కాలనీయో, మిలిటరీ వాళ్ళ పేటో, పాత ఫ్యాక్టరీ క్వార్టర్లో ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ చుట్టుపక్కల తొమ్మిది గుంటల మైదానం ఒకటి, సగం ఎండిపోయి అయినా సరే, దొరకొచ్చు. దాని సంగతి సెక్రటరీని కాదు, గేటు దగ్గర గడ్డి కోసే మనిషిని అడగాలి. ఇంతకీ మంచి కోర్సంటే ఏంటంటారా? పొద్దున్నే ఆరింటికి ఒక ఆడమనిషి ఒంటరిగా వెళ్తే, "మీతో ఎవరూ రాలేదా మేడమ్?" అని అడగనిది. నా డైరీలో అలాంటివి నాలుగే ఉన్నాయి.

మొన్న మే నెలాఖరులో నూజివీడు వచ్చాను. ఉద్యోగంలో అదే ఆఖరి క్యాంపు. హనుమాన్ జంక్షన్‌లో లాడ్జి, కిటికీ తీస్తే లారీల హారన్లు. నా విద్యలన్నీ ప్రయోగించాను. చుట్టుపక్కల గోల్ఫ్ అన్న మాటే లేదు. ఎటు చూసినా మామిడి తోటలు. ఆఖరి క్యాంపులో ఆట లేదన్నమాట అనుకుని క్లబ్బుల సంచీ డిక్కీలో అటు తోసేశాను.

రెండో రోజు కృష్ణకాంత్ గారని ఒక రైతు తన కాయల శాంపిల్ పెట్టె నా డిక్కీలో పెట్టిస్తూ ఆ సంచీ చూశారు. "ఏంటండీ ఈ కర్రలు?" అన్నారు. చెప్పాను. ఆయన వెంటనే, "చాట్రాయి రోడ్డులో మాదొక తోట ఉందండీ, పదెకరాలు. బంగినపల్లి కోత అయిపోయింది. మేకలు మేసి గడ్డంతా నున్నగా ఉంది. తూర్పు పక్క నాలుగు సాళ్ళు కలెక్టరు రకం కాయలు మాత్రం ఇంకా చెట్ల మీదే ఉన్నాయి, అటు కొట్టకండి. కాపలాకి సాంబయ్య ఉంటాడు, చెబుతాను" అన్నారు.

సాయంత్రం ఐదింటికి వెళ్ళాను. చెప్తే నమ్మరు గానీ, డబ్బు పోసి కట్టిన కోర్సుల్లో కూడా అంత చక్కని దారులు చూడలేదు. చెట్టుకీ చెట్టుకీ సమానంగా ఎడం, మధ్యలో పొట్టి గడ్డి, పైన కొమ్మల నీడ. తొమ్మిది చెట్లు ఎంచి వాటికి గోనె పీలికలు కట్టాను. బంతి చెట్టు మొదలుకి తగిలితే గుంటలో పడ్డట్టే అని నాకు నేనే రూలు పెట్టుకున్నాను.

సాంబయ్యకి డెబ్బై దగ్గర పడ్డాయి. భుజాన తువ్వాలు, చేతిలో దుడ్డుకర్ర. నేను మొదటి చెట్టు దగ్గర బంతి కొట్టగానే పక్క సాలులో నాతో సమానంగా నడవడం మొదలుపెట్టాడు. నేను ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు. వంగి ఏదో ఏరుతున్నాడు. మూడో చెట్టు దగ్గర నాకు తిక్క రేగింది.

"ఏమయ్యా, నేను కాయలు దొంగిలించడానికి వచ్చానా?" అన్నాను.

"అయ్యయ్యో, అది కాదమ్మగారూ! చప్పుడైతే ఊరుకోలేనండీ, అలవాటు" అన్నాడు. కాపలాలో చీకటి వేళ కాయ రాలితే కనపడదు, వినాల్సిందే. చప్పుడైనప్పుడల్లా కోతలో తెగిపడ్డ పచ్చాకు ఒకటి తీసి తువ్వాల్లో వేసుకుంటాడట. తెల్లారాక ఆకులెన్నుంటే అన్ని కాయలు గడ్డిలో దొరకాలి. రాలిన కాయ ఆ తోటలో కాపలావాళ్ళదే, అందుకని ఒక్కటి తగ్గినా వెతుకుతూనే ఉంటాడు. "మా నాన్న కూడా ఇంతేనండీ. మీరు కొడుతుంటే చెయ్యి ఊరుకోక నాలుగాకులు తీశా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. సరే నడవమన్నాను.

అప్పుడు తట్టింది నాకు. ఈ మనిషి నా పక్కనే నడుస్తున్నాడు, ఆట చూస్తున్నాడు. మార్కరంటే ఇంకేంటి? ఆరేళ్ళకి దొరికాడు, దొరక్క దొరక్క మామిడి తోటలో దొరికాడు.

తొమ్మిదో చెట్టు అయ్యాక చెట్టు కింద అతను వేసుకున్న మంచం మీద కూర్చుని అంకెలు కలిపాను. నలభై నాలుగు. సంతకం వచ్చా అని అడిగాను. "వచ్చండీ, బ్యాంకులో పెడతాగా" అన్నాడు. కార్డూ పెన్నూ ఇచ్చి, ఇక్కడ పెట్టమన్నాను.

"ఎందుకండీ ఇది?"

"నేను నలభై నాలుగు దెబ్బలు కొట్టానని నువ్వు చూసినట్టు."

సాంబయ్య పెన్ను పక్కన పెట్టాడు. తువ్వాలు విప్పి మంచం మీద ఆకులు పరిచి, ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. "యాభై ఒకటండీ" అన్నాడు.

"బంతి కొమ్మకి తగిలినవి కూడా కలిపావు."

"లేదండీ. కొమ్మ చప్పుడు వేరు, నేల చప్పుడు వేరు, మీ కర్ర చప్పుడు వేరు. కర్రదే తీశా. ఐదో చెట్టు పాదులో బంతి పడితే మెల్లగా రెండు తట్టి గట్టెక్కించారు, అవి మీరు కలపలేదేమో. బోరు దగ్గర కూడా ఒకటి."

"తట్టడం కొట్టడం కాదయ్యా!"

"చప్పుడైందండీ" అన్నాడు.

"గోల్ఫ్ గురించి నీకేం తెలుసు?" అని అరిచాను. నిజంగానే అరిచాను, నాకే సిగ్గేసింది.

"నాకేం తెలీదండీ. మీరు నలభై నాలుగని రాసుకోండి, ఎవరు కాదంటారు. నా సంతకం కావాలంటే మాత్రం యాభై ఒకటేనమ్మా."

అంతలో అతని భార్య కృష్ణవేణి అన్నం క్యారియర్‌తో వచ్చింది. మా మొహాలు చూసి సంగతేంటని అడిగి, విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈయనతో పెట్టుకోకండమ్మా. కాపలా లేని రోజుల్లో ఇంట్లో కూడా ఇదే గోల. రాత్రి నేనెన్నిసార్లు దగ్గానో పొద్దున్నే చెబుతాడు. నాలుగంటే కాదు ఆరంటాడు. ఏం మనిషో!" అంది.

నేను కార్డు లాక్కుని కారెక్కేశాను. వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

జంక్షన్‌లో హోటల్లో ఇడ్లీ తింటుంటే కారం పొడి గొంతులో పడి దగ్గొచ్చింది. సర్వర్ నీళ్ళు పెట్టి పోయాడు. ఎన్నిసార్లు దగ్గానో ఎవరికి తెలుసు? నాకే తెలీదు. ప్లేటు అలాగే వదిలేసి లేచాను.

ఎలాగూ చెప్తున్నాను కాబట్టి నిజం చెబుతాను. ఆయన పోయిన కొత్తలో ఒక రైల్వే కోర్సులో బంతి ఇసక గుంటలో పడితే పైకి తీయడానికి నాకు మూడు దెబ్బలు పట్టాయి. రెండు రాశాను. రాసి వెనక్కి తిరిగి చూశాను, "ప్రమీలా" అని పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. ఆ రోజు కార్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత అదే అలవాటైంది. ప్రతి ఆటలోనూ అక్కడొకటి ఇక్కడొకటి తగ్గించి రాయడం, వెనక్కి చూడటం. కొన్నాళ్ళకి వెనక్కి చూడటం కూడా మానేశాను. నా ఆట బాగుపడిన కథ ఇదీ.

మర్నాడు ఆరింటికల్లా తోటలో ఉన్నాను. సాంబయ్య వేపపుల్ల నములుతూ నన్ను చూసి లేచాడు. "నిన్న నోరు పారేసుకున్నాను, ఏమనుకోకు" అన్నాను.

"దానికేముందండీ, కోపం అందరికీ వస్తది. మొహం కడుక్కొచ్చేస్తా, మొదలెట్టకండి" అన్నాడు.

అంత చెత్తగా నేనెప్పుడూ ఆడలేదు. మోకాలు సహకరించలేదు. రెండు బంతులు పక్క తోటలో సపోటా చెట్ల వైపు పోయాయి. ఐదో చెట్టు దగ్గర బంతి మళ్ళీ ఆ పాదులోనే పడింది, చూడండి నా ఖర్మ. వంగి, పిట్టకి కూడా వినపడనంత మెల్లగా తట్టాను. గట్టెక్కింది. ఎన్నేళ్ళకో మళ్ళీ వెనక్కి తిరిగి చూశాను.

సాంబయ్య వంగి ఆకు తీసుకుంటున్నాడు.

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఏమైందమ్మా అన్నాడు. ఏం లేదు, చెమట అన్నాను. మిగిలిన నాలుగు చెట్లూ బంతి సరిగ్గా కనపడకుండానే కొట్టాను.

మంచం మీద ఆకులు పరిచాం. అతను లెక్కపెట్టాడు, నేను కార్డులో అంకెలు కలిపాను. ఇద్దరికీ యాభై ఏడే వచ్చింది. "ఇప్పుడు పెడతానండీ" అని కార్డు తొడ మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా సాంబయ్య అని రాశాడు. గీత దాటి కాస్త కిందికి వచ్చింది సంతకం. నా జన్మలో అంతకంటే పెద్ద అంకె వేసుకున్న గుర్తు లేదు. ఆ కార్డు ఇచ్చి ఆ ముప్ఫై ఒకటీ తీసుకోమంటే నేనొప్పుకోను.

"వచ్చే ఏడు ఎప్పుడొస్తారమ్మగారూ?" అన్నాడు, ఆకులు కిందికి దులుపుతూ.

"రాను సాంబయ్యా. నా ఉద్యోగం ఈ నెలతో సరి."

"అట్టాగా" అన్నాడు. "పీలికలు చెట్లకి ఉంచమంటారా, విప్పమంటారా?" అని అడిగాడు. ఉంచమన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

లాడ్జి ఖాళీ చేసి హైవే ఎక్కాను. మిగిలిన కార్డులన్నీ డ్యాష్‌బోర్డులో ఉన్నాయి. దిద్దుదామా అంటే, వాటిలో అసలు ఎన్ని కొట్టానో ఇప్పుడు నాకూ తెలీదు. విన్నవాళ్ళెవరూ లేరుగా. సాంబయ్య సంతకం ఉన్న కార్డొక్కటే పక్క సీటు మీద పెట్టుకున్నాను, ఒకప్పుడు మా ఆయన కూర్చునే సీటు. విజయవాడ చేరేలోపు రెండుసార్లు దగ్గొచ్చింది.

"రెండు" అని పైకే అన్నాను. కాదు, మూడు అనేవాళ్ళు ఎవరూ లేరు.